సూపా, స్ట్యూనా? పొయ్యి వెలిగించే ముందే తేల్చుకోండి

బెంగళూరులో ముసురు పట్టిందంటే చాలు, సాయంత్రం ఆరింటికల్లా వేడివేడిగా గిన్నెడు ఏదైనా తాగాలనిపిస్తుంది. మారతహళ్ళి, బి.టి.ఎం. లేఅవుట్ వైపు తెలుగువాళ్ళ వంటిళ్ళలో చారు పక్కన సూప్ కూడా చేరిపోయి చాలా కాలమైంది. పిల్లలు హోటల్లో తాగిందే ఇంట్లోనూ అడుగుతున్నారు. పక్కింటి మలయాళీవాళ్ళు ఆదివారం పంపిన ఇష్టు, అంటే కొబ్బరిపాల స్ట్యూ, రుచి చూసి మనమూ మొదలుపెడుతున్నాం. అయితే చేసినవాళ్ళు చెప్పే కష్టాలు రెండే రకాలు. ఒకటి, సూప్ చేస్తే నీళ్ళు పోసిన కూరలా వచ్చిందని. రెండోది, స్ట్యూ చేస్తే ముక్క పీచుపీచుగా, రసం నీళ్ళనీళ్ళగా విడివిడిగా తేలిందని. రెండూ చెడేది ఒక్కచోటే: గిన్నెలో ఏది ముఖ్యమో తేల్చుకోకుండా పొయ్యి వెలిగించేస్తున్నాం.

సూప్‌లో ముఖ్యం నీళ్ళు. అందులో వేసిందల్లా తన సారం నీళ్ళకి ఇచ్చేయాలి. ఇచ్చేశాక అది గిన్నెలో ఉన్నా సరే, వడకట్టి పక్కన పడేసినా సరే. స్ట్యూలో ముఖ్యం ముక్క. నీళ్ళు దాన్ని ఉడికించడానికి పోసినవే. చివరికి అవి తగ్గి, చిక్కబడి, ముక్కకి పట్టుకుని ఉండాలి. ముక్క ఎంత కొయ్యాలి, ఏ మాంసం తేవాలి, చన్నీళ్ళు పోయాలా వేణ్ణీళ్ళా, మూత పెట్టాలా తియ్యాలా, ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

మనకిది కొత్త సంగతేం కాదు. చారు, పప్పుకట్టు, హైదరాబాదు పెళ్ళిళ్ళలో బిర్యానీకి ముందు పోసే మరగ్ ఒక వైపు. దప్పళం, ముక్కల పులుసు, ఇగురు ఇంకో వైపు. చారులో టమాటా ముక్క చితికిపోయిందని ఎవరూ బెంగపడరు. అదే దప్పళంలో గుమ్మడికాయ ముక్క చితికితే అత్తగారు ఊరుకోరు. మీ చెయ్యికి ఈ తేడా ముందే తెలుసు, దాన్నే సూప్‌కీ స్ట్యూకీ వాడండి.

పేరు చూసి మాత్రం మోసపోకండి. హంగరీవాళ్ళ గూయాష్ వాళ్ళ ఊళ్ళో పల్చటి సూప్. బయటి దేశాల్లో గౌలాష్ అని చిక్కగా వండేది వాళ్ళు పెర్కెల్ట్ అనే ఇంకో వంటకానికి దగ్గర. గరిటె ముంచి చూడండి. ముక్కల కోసం వెతకాల్సొస్తే సూప్, నీళ్ళ కోసం వెతకాల్సొస్తే స్ట్యూ.

ఇక్కడి కన్నడిగుల బస్సారు చూశారా? పప్పూ ఆకుకూరా కలిపి ఉడికించి, నీళ్ళు వార్చేస్తారు. ఆ వార్చిన నీళ్ళకి వేయించి నూరిన మసాలా, చింతపండు కలిపి సారు కాస్తారు. మిగిలిన పప్పు, ఆకుకి పోపు పెట్టి పల్య చేస్తారు. ఒక్క గిన్నెలోంచి రెండు వంటలు, దేని రుచి దానిది, పక్కన రాగిముద్ద. ముక్క రుచి నీళ్ళలోకి ఎంత దిగుతుందో ఒంటబట్టాలంటే ఓసారి బస్సారు చేసి చూడండి. ఏ వీడియో చూసినా అంత బాగా తెలీదు.

ముందు నీళ్ళ సంగతి

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే ఉంది. అంచేత ఇక్కడ నీళ్ళు 100 డిగ్రీలదాకా వెళ్ళకుండానే, దాదాపు 97 దగ్గరే మరిగిపోతాయి. నెల్లూరులోనో విజయవాడలోనో మీ అమ్మగారు చెప్పిన "ముప్పావుగంట" లెక్క ఇక్కడ మూత గిన్నెలో కొంచెం సాగుతుంది. మాంసానికి, గింజలకి పది పదిహేను నిమిషాలు అదనంగా వేసుకోండి. కుక్కర్ లోపల ఒత్తిడి పెరిగి వేడి 120కి దగ్గరగా వెళ్తుంది కాబట్టి అందులో ఈ బాధ పెద్దగా తెలీదు.

అంతకన్నా పెద్ద చిక్కు ట్యాంకరు నీళ్ళు. బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. కందిపప్పు, రాజ్మా, అనపగింజలు అలాంటి నీళ్ళలో ఎంత ఉడికించినా బిరుసుగానే ఉంటాయి. గింజల్లోని జిగురుని సున్నం గట్టిగా పట్టేసుకుంటుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ కావేరి నీళ్ళో ఫిల్టరు నీళ్ళో వాడండి. అవి లేకపోతే చిటికెడు వంటసోడా వేయండి. చిటికెడంటే చిటికెడే, ఎక్కువైతే సబ్బు వాసనొస్తుంది.

పులుపు కూడా ఇలాగే అడ్డం పడుతుంది. టమాటా, చింతపండు ముందే పోస్తే బంగాళదుంప అంచులు గట్టిపడిపోయి ఎంతకీ మెత్తబడవు. పులుసు పెట్టేటప్పుడు ముక్కలు ఉడికాకే చింతపండు రసం పోస్తాం కదా, స్ట్యూకీ అదే వరస. ముక్క మూడొంతులు ఉడికాక పులుపు వేయండి. సూప్‌లో ముక్క గొడవే లేదు కాబట్టి ఎప్పుడు వేసినా నడుస్తుంది.

ఒక కోడి, రెండు గిన్నెలు

తేడా అంతా ఒకే రోజు చేతికి రావాలంటే ఇలా చేయండి. కిలో పైచిలుకు నాటుకోడి తీసుకోండి. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్టుదాకా వెళ్ళక్కర్లేదు, మీ వీధి చివర కొట్టులోనే దొరుకుతుంది. "చిన్న ముక్కలు కొట్టు" అని అలవాటుగా అనేయకండి. కాళ్ళు, తొడలు పెద్ద ముక్కలుగా ఒక కవర్లో, మెడ, వీపు, రెక్కలు ఇంకో కవర్లో, రొమ్ము ముక్క కొట్టకుండా విడిగా ఇమ్మనండి. కొట్టతను ఒకసారి ఎగాదిగా చూస్తాడు, చూడనివ్వండి.

మొదటి గిన్నె సూప్‌ది. మెడ, వీపు, రెక్కలు కడిగి, లీటరున్నర చన్నీళ్ళు పోసి సన్నసెగన పెట్టండి. చన్నీళ్ళే ఎందుకంటే, నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు ఎముకల్లోంచి వచ్చే మలినమంతా నురుగై పైకి తేలుతుంది, గరిటెతో తీసెయ్యొచ్చు. మరిగే నీళ్ళలో పడేస్తే ఆ నురుగు నీళ్ళలోనే కలిసిపోయి సూప్ మసకబారుతుంది. నురుగు తీశాక అడ్డంగా కోసిన ఉల్లిపాయ సగం, దంచిన అల్లం ముక్క, పది మిరియాలు, కొత్తిమీర కాడలు వేయండి. ఉల్లిపాయ కోసిన వైపుని ముందు మంట మీద నల్లబడేదాకా కాలిస్తే సూప్‌కి తేనె రంగొస్తుంది. ఇక సెగ తగ్గించేయండి. అక్కడక్కడా ఒక్కో బుడగ పైకొస్తే చాలు. తెర్లిందంటే కొవ్వు నీళ్ళలో చిలికినట్టయిపోయి తెల్లగా, జిడ్డుగా తయారవుతుంది.

అలా గంటంపావు, గంటన్నర వదిలేయండి. ఈలోగా రొమ్ము ముక్క అలాగే నిండుగా వేసి, మెత్తబడగానే తీసి పీచులుగా విడదీసి పెట్టుకోండి. చివర్లో వడకట్టి, అప్పుడు ఉప్పు వేయండి. ముందే వేస్తే నీళ్ళు తగ్గేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. రొమ్ము పీచులు, మిరియాల పొడి, నాలుగు కొత్తిమీర ఆకులు వేసి, నిమ్మకాయ పిండితే అయిపోయింది. వడకట్టగా మిగిలిన వీపు ముక్క నోట్లో వేసుకుని చూడండి, చప్పగా గడ్డిలా ఉంటుంది. దాని రుచంతా గిన్నెలోకి దిగిపోయిందన్నమాట. సూప్ సరిగ్గా కుదిరిందనడానికి అంతకన్నా గుర్తు లేదు.

వడకట్టిన సూప్‌లోంచి మూడు గరిటెలు పక్కన పెట్టుకోండి, రెండో గిన్నెకి కావాలి.

రెండోది స్ట్యూ. తొడ ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచండి. ఇక్కడ ఉప్పు ముందే, ముక్క లోపలికి వెళ్ళాలి కాబట్టి. తర్వాత గుడ్డతో తడి అద్దేయండి. మందపాటి అడుగున్న గిన్నెలో రెండు చెంచాల నూనె బాగా కాగాక ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, కదపకుండా వదలండి. మనవాళ్ళకి గరిటె చేతిలో ఉంటే ఊరికే ఉండబుద్ధి కాదు, ఇక్కడ మాత్రం ఆగాలి. తడి ఉంటే, ఇరుకైతే ముక్క వేగదు, తన నీళ్ళలో తనే ఉడికిపోతుంది. ఎర్రగా కాలిన ముక్క దానంతటదే అడుగు వదిలేస్తుంది. అప్పుడు తిప్పండి. రెండు వైపులా ఎర్రబడ్డాక తీసి పక్కన పెట్టండి.

అదే నూనెలో రెండు ఉల్లిపాయలు పెద్దగా తరిగి వేయించండి. అడుగున గోధుమరంగు పొర కట్టి ఉంటుంది, మాడిందని కంగారుపడకండి. కాసిని నీళ్ళు చిలకరించి చెక్క గరిటెతో గీకితే ఆ పొరంతా వదులుతుంది, స్ట్యూ రంగూ రుచీ చాలావరకు అందులోంచే వస్తాయి. చెంచాడు అల్లంవెల్లుల్లి, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచా కారం, అరచెంచా మిరియాల పొడి వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. ముక్కలు మళ్ళీ పెట్టి, దాచుకున్న సూప్ పోయండి. మునిగేలా కాదు. ముక్క భుజాలదాకా వస్తే చాలు, వీపు పైకి కనిపిస్తుండాలి. స్ట్యూ పాడయ్యేది ఎక్కువసార్లు ఇక్కడే. "అడుగంటుతుందేమో" అని ఇంకో గ్లాసుడు పోసేస్తాం, తర్వాత దాన్ని చిక్కబరచలేక కార్న్‌ఫ్లోర్ డబ్బా తీస్తాం. మూత పెట్టి, సన్నసెగ మీద, కుతకుత వినీవినిపించనట్టు ఉడకనివ్వండి.

నాటుకోడికి గంట పడుతుంది, ముదురుదైతే ఇంకా పైనే. బ్రాయిలరైతే అరగంట చాలు. ముక్క దాదాపు ఉడికాక బంగాళదుంప, క్యారెట్ పెద్ద ముక్కలు వేయండి. దుంప మూడొంతులు మెత్తబడ్డాక రెండు టమాటాలు వేయండి. చివరి పది నిమిషాలు మూత తీసేయండి. రెండు దుంప ముక్కలు గరిటెతో గిన్నె గోడకి నొక్కి మెదిపితే రసం చిక్కబడుతుంది. అన్నంలోకి బాగుంటుంది, రాగిసంగటిలోకి ఇంకా బాగుంటుంది.

మటన్ అయితే కొట్టులోనే సగం వంట అయిపోతుంది. స్ట్యూకి మెత్తటి బోన్‌లెస్ అడగకండి. జబ్బ, ముందుకాలు, పిక్క దగ్గరి మాంసం తీసుకోండి. అక్కడ నరాలూ జిగురూ ఎక్కువ. ఆ జిగురు 70 డిగ్రీలు దాటాక మెల్లమెల్లగా కరిగి రసంలో కలుస్తుంది, పెదవులు అంటుకునేంత చిక్కదనం ఇస్తుంది. దానికి టైం కావాలి, రెండు గంటలు అటూ ఇటూ. మంట పెంచితే ఆ టైం తగ్గదు, మాంసం బిగుసుకుని లోపలి నీరంతా కక్కేస్తుంది, అంతే. గ్యాస్ అయిపోతుందని బాధగా ఉంటే కుక్కర్లో సన్నసెగన అయిదారు విజిల్స్ రానిచ్చి, మిగతాది మూత తీసి దగ్గరపడనివ్వండి. కుక్కర్లో ఆవిరి పెద్దగా బయటికి పోదు, అందుకే నీళ్ళు ఇంకా తక్కువ పోయాలి. సూప్‌కైతే కాళ్ళు, మూలుగ బొక్కలు తెచ్చుకోండి.

మాంసం తినని ఇళ్ళకి

శాకాహారం సూప్ చప్పగా ఉంటుందని హోటళ్ళు అజినొమోటో మీద ఆధారపడతాయి. మనకి పప్పుకట్టు ఉండగా అదెందుకు? కందిపప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు వంచుకుంటే అదే సూప్‌కి ఆధారం. క్యారెట్ తొక్కలు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, ఉల్లిపాయ కలిపి 30, 40 నిమిషాలు కాచినా బాగుంటుంది. అంతకు మించితే కూరగాయల నీళ్ళు చేదెక్కుతాయి. క్యాబేజీ, కాలిఫ్లవర్ వేయకండి, కాచేకొద్దీ వాసనొస్తాయి. మునగాకుకి ఇవేవీ అక్కర్లేదు. కట్టులో గుప్పెడు లేత ఆకు, వెల్లుల్లి, మిరియాలు వేసి పదినిమిషాలు మరిగిస్తే చాలు.

టమాటా సూప్ గురించి రెండు ముక్కలు. కోలారు నుంచీ మదనపల్లె నుంచీ లారీలకి లారీలు దిగే ఊళ్ళో ఉంటూ పొడి ప్యాకెట్లు కొనడం నాకు మింగుడుపడదు. పుల్లటి నాటు టమాటాలు అరకిలో, ఉల్లిపాయ, వెల్లుల్లి మూడు రెబ్బలు, పులుపు విరగడానికి చిన్న క్యారెట్. చెంచాడు వెన్నలో ఇవన్నీ వేసి, చుక్క నీళ్ళు పోయకుండా మూతపెట్టి పదినిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఇంకో పది నిమిషాలు. చల్లారాకే మిక్సీ వేయండి. వేడిమీద వేస్తే ఆవిరికి మూత ఎగిరి గోడంతా ఎర్రబడుతుంది, చెయ్యి కాలుతుంది. వడకట్టి, వేడిచేసి, మిరియాల పొడి జల్లండి. క్యారెట్టే చిక్కదనం ఇస్తుంది, పిండి అక్కర్లేదు.

పిండి పెట్టాలనే ఉంటే లీటరుకి రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ మించొద్దు. చన్నీళ్ళలో కలిపి, మరుగుతున్న సూప్‌లో సన్న ధారగా పోయండి. చిక్కబడ్డాక ఎక్కువసేపు మరిగిస్తే మళ్ళీ పల్చనైపోతుంది. నాకైతే దానికన్నా రాగిపిండి ఇష్టం, రంగు మాత్రం పిల్లలకి నచ్చకపోవచ్చు. దప్పళంలో పోసే బియ్యప్పిండి స్ట్యూకి బాగా కుదురుతుంది.

స్ట్యూ అంటే ఇష్టు చేయండి. నలుగురికి రెండు బంగాళదుంపలు, రెండు క్యారెట్లు, పది బీన్స్, ఒక బెంగళూరు వంకాయ. అదే, ఇక్కడ సీమె బదనెకాయి అంటారు. ఊరి పేరు పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నా మనవాళ్ళు పప్పులో తప్ప వేయరు పాపం. ఇష్టులో అది పాలు పీల్చుకుని భలే ఉంటుంది. పై చెక్కు తీసేటప్పుడు చేతికి జిగురు అంటి చర్మం బిగుస్తుంది, నీళ్ళలో ముంచి తీయండి.

ఒక కొబ్బరికాయ తురిమి, మొదటి పాలు ఒక గ్లాసు, నీళ్ళు పోసి మళ్ళీ పిండిన రెండో పాలు రెండు గ్లాసులు విడివిడిగా పెట్టుకోండి. కొబ్బరినూనెలో చిన్న దాల్చినచెక్క, మూడు లవంగాలు, రెండు ఏలకులు, సన్నగా చీల్చిన అల్లం, నిలువునా చీరిన పచ్చిమిర్చి నాలుగు, కరివేపాకు, గుప్పెడు చిన్న ఉల్లిపాయలు వేయండి. ఉల్లిపాయ మెత్తబడితే చాలు, ఎర్రబడకూడదు. పసుపు, కారం వేయకండి. చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. దుంప, క్యారెట్ ముందు వేసి రెండో పాలు పోసి ఉడికించండి. సగం ఉడికాక బీన్స్, బెంగళూరు వంకాయ. అన్నీ మెత్తబడ్డాక దుంప ముక్కలు రెండు మెదిపి, ఉప్పు, దంచిన మిరియాలు వేయండి. మంట బాగా తగ్గించి మొదటి పాలు పోసి, అంచున చిన్న బుడగలు కనిపించగానే దించేయండి. మరిగితే విరిగి నూనె తేలుతుంది. పదినిమిషాలు మూతపెట్టి ఉంచితే చిక్కబడుతుంది. అప్పం పోయడం రాకపోయినా దిగులక్కర్లేదు, సెట్ దోసెతో అంతే బాగుంటుంది.

డిసెంబరు, జనవరిల్లో అనపకాయలు బండ్ల మీద గుట్టలుగా వస్తాయి. నానబెట్టి పితికిన పప్పుని ఇదే ఇష్టులో బీన్స్ బదులు వేసి చూడండి. చిత్తూరు వైపు వాళ్ళకి నేను చెప్పేదేముంది, వాళ్ళు ఆ కాలమంతా పితికిపప్పు తప్ప ఇంకోటి వండరు.

తేడా కొడితే

సూప్ పల్చనైతే మూత తీసి మరిగించండి, నీళ్ళు తగ్గితే రుచి దగ్గరపడుతుంది. ఉప్పు వేశాక ఈ పని చేస్తే మాత్రం ఉప్పు కషాయమవుతుంది. ఉప్పు ఎక్కువైతే బంగాళదుంప వేస్తే లాగేస్తుందంటారు. అది లాగేది దాని చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళనే, మిగతా సూప్ అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్ళో, ఉప్పులేని కట్టో పోయడమే దారి. స్ట్యూ నీళ్ళనీళ్ళగా ఉంటే ముక్కలు తీసి పక్కన పెట్టి, రసం ఒక్కటే పెద్దమంట మీద ఇగరబెట్టి మళ్ళీ కలపండి. ముక్కల్ని ఉంచి ఇగరబెడితే చితికి ముద్దవుతాయి. మాంసం గట్టిగా ఉంటే చెడిపోయిందనుకోకండి, ఇంకా ఉడకలేదంతే, అరగంట వదలండి.

మిగిలింది దాచుకోవడానికి: చలి ఊరు కదా అని గిన్నె రాత్రంతా పొయ్యి మీద వదిలేయకండి. పెద్ద గిన్నె లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది, పులిసేది అక్కడే. వెడల్పాటి పళ్ళేల్లోకో చిన్న డబ్బాల్లోకో తీసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మాంసం స్ట్యూ మర్నాటికి రుచి పెరుగుతుంది, పైన గడ్డకట్టిన కొవ్వుని చెంచాతో తీసెయ్యడం కూడా తేలిక. తినేముందు తినగలిగినంతే తీసి, పొగలు కక్కేదాకా మరిగించండి. ఇష్టుని మాత్రం మర్నాటికి ఉంచాలనుకుంటే మొదటి పాలు పోయకముందే సగం తీసి పెట్టుకుని, ఆ పాలు విడిగా ఫ్రిజ్‌లో ఉంచి, తినే పూట కలపండి.